గోటంత రుజువు

ఆరేళ్లుగా ఒళ్లంతా నొప్పులంటున్న గుల్షన్ బేగాన్ని భర్త బాబామియా మానుకోట దవాఖానకు తీసుకొచ్చాడు. రోగముందని కాదు, లేదని డాక్టరుతో చెప్పించడానికి.

"అన్ని టెస్టులు మంచిగనే వచ్చినయి సార్. గిదంత నాటకం!"

డాక్టరు ఆమె వేలిని చిన్న మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. గోటి మొదట్లో సన్నని రక్తనాళాలు కొన్ని వంకర్లు పోయి ఉన్నాయి.

"ఫైబ్రోమయాల్జియా అని, ఒళ్లంత నొచ్చే రోగం ఉన్నోళ్లల్ల కొందరికి ఇట్లుంటది. ఈమె నొప్పి నిజమే."

గుల్షన్ బేగం పండగొచ్చినట్టు మొగుడివైపు తిరిగింది. "ఇప్పుడేమంటరు?"

బాబామియా లేచి, తలుపు దగ్గరగా వేసొచ్చి, తన చెయ్యి చాచాడు.

"నాయి గూడ జర చూడుండ్రి సార్. పదేండ్ల సంది ఒళ్లంత నొస్తుంది. మొగోన్ని, ఎవ్వలకు చెప్పుకోను?"

"లైన్ల నిలబడుండ్రి," అంది గుల్షన్ బేగం. "నా ఎడమ చెయ్యి ఇంక చూడలే."