సెల్ఫ్ గోల్

“రెండు గోల్స్ కొట్టింది మా హర్షిత. సెల్ఫ్ గోల్ చేసి మ్యాచ్ ఓడగొట్టిన గ్లోరీకి ఇస్తావా కెప్టెన్ బ్యాండ్?” తిరువూరు గ్రౌండ్‌లో బుల్లెట్ మీద నుంచి దిగకుండానే అరిచాడు పత్తిమిల్లు కమలాకర్. “మీ చర్చి పిల్ల కాబట్టేగా!”

ఫుట్‌బాల్ కోచ్ ఏసుపాదం బంతులు సంచిలో వేస్తూనే ఉన్నాడు. “ఆ బంతిని ఆపడానికి వెనక్కి పరిగెత్తింది అదొక్కతే. అందుకే దాని కాలికి తగిలి లోపలికెళ్ళింది. పరిగెత్తని వాళ్ళ కాలికి ఏదీ తగలదు.”

“నువ్వా చెప్పేది! పదిహేనేళ్ళు డిఫెండర్‌గా వెలగబెట్టావు. ఊరికి గుర్తున్నది మాత్రం జిల్లా ఫైనల్లో నువ్వు చేసిన సెల్ఫ్ గోలే.”

“గుర్తుచేసేది నువ్వేగా. ఆ రోజూ ఇంతే. వెనక్కొచ్చింది నేనొక్కణ్ణే.”

బూట్లు విప్పుకుంటున్న హర్షిత తలెత్తింది. “ఆ ఫైనల్లో నువ్వూ ఆడావు కదా నాన్నా?”

“ఆడకపోవడమేంటి? ఫార్వర్డ్‌ని!”

“మరి సార్ ఒక్కరే పరిగెత్తుతుంటే, నువ్వూ నాలాగే నిలబడి చూశావా?”

కమలాకర్ గబుక్కున ఏసుపాదం వైపు చూశాడు.

ఆ రోజు వెనక్కి రాని వాళ్ళలో ఎవరి పేరూ ఇరవై ఏళ్ళుగా చెప్పని ఏసుపాదం, ఇప్పుడూ చెప్పకుండా సంచి మూతి బిగించాడు.