వేణ్ణీళ్ళ స్నానం

"వారానికి ఒక్కసారేనా స్నానం? రెండుపూటలా నీళ్ళు పోసుకున్న మనిషమ్మా మా ఆవిడ!" వృద్ధాశ్రమం ఆయా మీద ముసలాయన ఇంతెత్తున లేచాడు.

"మతిలో ఉన్న మనిషైతే కదా బాబుగారూ! చెయ్యేస్తే రక్కుతారు, ఊరంతా వినేలా అరుస్తారు."

"నువ్వు తప్పుకో. నేను పోస్తాను."

తలుపు వేసి, భార్యను స్టూలు మీద కూర్చోబెట్టి చీర విప్పాడు. ఆమె కిక్కురుమనలేదు. వేణ్ణీళ్ళు పోసి వీపు రుద్దుతున్నంతసేపూ తల వంచుకునే ఉంది. నా చెయ్యి గుర్తుపట్టిందని ఆయన లోలోపల మురిసిపోయాడు.

తువ్వాలు కప్పుతుంటే ఆమె రెండు చేతులూ జోడించింది.

"నేను అరవలేదుగా బాబూ, ఇంక వదిలెయ్యండి. ఈ సంగతి మా ఆయనకు మాత్రం చెప్పకండి. తట్టుకోలేరు."