కూజాలో వెంట్రుక

నమ్రత ఇంట్లో వంట చేసే జయంతి పోపు వేసి రసం గిన్నె దించింది. తలంటుకుని వచ్చిన నమ్రత గరిటెతో కలిపి ఉప్పు చూసి వెళ్ళింది. బయట అమెరికాలోని ఆ హెర్న్‌డన్ ఊరంతా మంచు. పోయిన చలికాలం నమ్రత ఇచ్చిన ఉన్నిటోపీని చెవులదాకా లాక్కుని, జయంతి కంచాలు తుడిచింది. ఇండియా వెళ్ళొచ్చిన ఈ వారం రోజులూ ఆ టోపీ ఇంట్లో కూడా తీయలేదు. వంట చేసేవాళ్ళకి అదే శుభ్రమని నమ్రత మెచ్చుకుంది కూడా.

ఆ మధ్యాహ్నం నమ్రత స్నేహితురాలు శ్రీవిద్య భోజనానికి వచ్చింది. రుచి నచ్చితే వారానికి నాలుగు రోజులు జయంతి చేత వండించుకుంటుంది. వండే ఇళ్ళు రెండు ఈమధ్యే చేజారాయి. జయంతికి ఈ ఇల్లు కావాలి. శ్రీవిద్య రాగానే, తాను ఇండియా నుంచి తెచ్చిన తిరుపతి లడ్డూ ముక్క ఆమె చేతిలో పెట్టింది. శ్రీవిద్య పప్పు రెండోసారి వడ్డించుకుంటే గుమ్మం దగ్గర నిలబడి చూసుకుంది.

నమ్రత భర్త ఉమాకాంత్ యూనివర్సిటీలో హిట్టైట్ భాష చెబుతాడు. అది మాట్లాడిన జనం మూడువేల ఏళ్ళ క్రితమే పోయారు. వాళ్ళు రాసిన మట్టిపలకలు మిగిలాయి. ఇంటికొచ్చిన వాళ్ళెవరూ వాటి సంగతి అడగరు. శ్రీవిద్య అడిగింది.

"ఆ పలకల మీద ఏముంటుంది అన్నయ్యగారూ?"

అప్పుడే అతని రసంలో మూరెడు నల్లని వెంట్రుక తేలింది. చప్పుడు కాకుండా పక్కన పెట్టొచ్చు. వినే మనిషి దొరికిన సంబరంలో స్పూనుతో పైకెత్తాడు.

"ఇదే ఉంటుందమ్మా. ఒక రాజుకి నీళ్ళ కూజాలో వెంట్రుక కనిపించింది. నీళ్ళు తెచ్చినవాణ్ణి పరీక్షకి నదికి పంపాడు. తప్పు తేలితే చావే."

నవ్వింది అతనొక్కడే. శ్రీవిద్య కంచం ముందుకు జరిపింది.

"టోపీ పెట్టుకుని కూడా ఇదేంటి జయంతీ? గెస్ట్ ముందు నా పరువు తీశావు," అంది నమ్రత.

"వంట సంగతి నేను మళ్ళీ ఫోన్ చేస్తాలే," అంది శ్రీవిద్య మెల్లగా.

ఉమాకాంత్ తల వంచుకున్నాడు. సరదాకి అన్నానని చెప్పాలనుకున్నాడు. చచ్చిపోయిన భాషలో శిక్షలన్నీ చదవగలడు. ఈ ఒక్క మాట తెలుగులో నోరు దాటలేదు.

జయంతి స్టవ్ కట్టేసి కోటు వేసుకుంది. నమ్రత ఇచ్చిన టోపీ తీసి, మడిచి, నమ్రత కంచం పక్కనే పెట్టింది. తలుపు తీసుకుని మంచులోకి వెళ్ళిపోయింది.

టోపీ కింద ఉన్నది గుండు.