సెకండ్ గేరుకి టర్బో

మూడో మలుపు దగ్గర బండి మళ్లీ ఆగిపోయింది.

వెనక తలుపు తెరుచుకుంది. ఇద్దరు కొడుకులు, ఒక కోడలు, ఒక అల్లుడు దిగారు. కొడుకులు భుజాలు ఆనించి తోశారు. కోడలు ఒక చేత్తో చెప్పులు పట్టుకుని రెండో చేత్తో తోసింది. అల్లుడు పక్కన నిలబడి, ఎలా తొయ్యాలో చెప్పాడు. పెద్దాయన ఒక్కడూ లోపలే పడుకుని ఉన్నాడు. ఆయన్ని మాత్రం ఎవరూ సాయం అడగలేదు.

"పదకొండుకి మన వంతు," అన్నాడు పెద్దకొడుకు రొప్పుతూ. "అది దాటితే వెనకవాళ్లని తీసుకుంటారు. ఇక సాయంత్రం దాకా పడిగాపులే."

స్టీరింగు వదల్లేక, చెవులు మూసుకోలేక డ్రైవరు అన్నీ విన్నాడు. పైకి చేరేసరికి పన్నెండు దాటింది.

ఆస్పత్రి గేటు దగ్గర అతన్ని అందరూ సెకండ్ గేరు అంటారు. అతని బండి ఆ కొండని సెకండ్ గేరులో తప్ప ఎక్కదు. ఈమధ్య అందులోనూ ఎక్కనని మొరాయిస్తోంది. అసలు పేరు లైసెన్సు మీద ఉంది గానీ, ఆ పేరుతో పిలిచే నాథుడే లేడు.

మర్నాడు ఆస్పత్రి మేనేజరు కబురు పెట్టాడు.

"ఇప్పటికి మూడు కుటుంబాలకి వంతు తప్పించావు. ఇంకొక్కసారి దారిలో ఆగిందని తెలిస్తే, గేటు దగ్గర నీ చోటు కొత్త బండివాడికి ఇచ్చేస్తాను."

కొత్త బండి మాట దేవుడెరుగు, కొత్త ఇంజను కొనే తాహతు కూడా లేదు. డ్రైవరు తిన్నగా బావమరిది షెడ్డుకి వెళ్లాడు. బావమరిది మెకానిక్కు. నోరు ఎక్కువ, పనితనం అంతకన్నా ఎక్కువ.

"టర్బో పెడదాం బావా," అన్నాడు బానెట్ లోపల తల దూర్చి. "దీనికి ఊపిరి చాలట్లేదు. అది ఉందనుకో, బయటికి పోయే పొగతోనే తిరిగి, గాలిని కుక్కి కుక్కి లోపలికి పంపిస్తుంది. నలుగురు తోసే తోపు అదొక్కటే తోస్తుంది."

పాత ఇనుము యార్డులో, గోడని గుద్ది ముక్కు చితికిన సరుకుల వ్యాను ఒకటి దొరికింది. ముక్కు పోయినా టర్బో బాగానే ఉంది. బావమరిది దాని ఇరుసుని రెండు వేళ్లతో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగాడు. కదల్లేదు, అంటే అరగలేదన్నమాట. ఉఫ్ మని ఊదాడు. గిర్రున తిరిగింది. స్టెప్నీ టైరు ఇచ్చి దాన్ని తెచ్చుకున్నారు.

"రేపు పంచరైతే ఏం చేద్దాంరా?" అన్నాడు డ్రైవరు.

"ముందు కొండెక్కనీ బావా. పంచరవడానికైనా బండి కదలాలిగా."

నాలుగు రోజుల పని. పాత బస్సులో జనం పట్టుకుని వేలాడే గొట్టాన్ని కోసి, వంచి, గాలికి దారి చేశారు. టర్బోకి నూనె అందడానికి ఒక సన్న గొట్టం, ఆ నూనె కిందికి జారడానికి ఇంకో లావు గొట్టం. మొదటిసారి ఆ రెండోదాని వాలు తప్పింది. వీధంతా నీలం పొగ. ఎదురింటివాళ్లు ఆరేసిన దుప్పట్లు తీసుకుని, బదులుగా నాలుగు తిట్లు ఇచ్చి వెళ్లారు.

మూడోరోజు మధ్యాహ్నం డ్రైవరు భార్య క్యారేజీ తెచ్చింది. మొగుడి మొహం మీద మసి, తమ్ముడి మొహం మీద అంతకు రెట్టింపు మసి చూసి నిట్టూర్చింది.

"ఇన్నేళ్లలో మీరు పైకి చేర్చినవాళ్లు ఒక్కరైనా బాగా నడిపావన్నారా?"

"లేదు."

"పోనీ తిట్టారా?"

"అదీ లేదు."

"మరి ఎవరికోసమండీ ఈ తాపత్రయం?"

డ్రైవరుకి చెప్పులు చేత్తో పట్టుకున్న ఆ కోడలు గుర్తొచ్చింది.

"తోసేవాళ్ల కోసం," అన్నాడు. "అసలే వాళ్ల మనసు మనసులో ఉండదు. అలాంటివాళ్లచేత ఎండలో బండి తోయించడమేంటి."

ఆవిడ కూర ఇంకో గరిటె వేసింది.

ఐదోరోజు పొద్దున్నే, వెనకాల రెండు ఇసక బస్తాలు పడుకోబెట్టుకుని కొండెక్కి చూశారు. మొదటి మలుపులో సన్నగా ఈల మొదలైంది. రెండో మలుపులో డ్రైవరు భయంభయంగా మూడో గేరు వేశాడు. బండి ఊఁ కొట్టింది. మూడో మలుపు ఎప్పుడు వెళ్లిపోయిందో తెలియలేదు.

"ఎక్కువ తొక్కకు బావా, ముసలి ఇంజను," అని బావమరిది అరుస్తూనే ఉన్నాడు. "పైకెళ్లాక వెంటనే ఆపెయ్యకు. ఒక్క నిమిషం అలా తిరగనిచ్చి ఆపు, లేకపోతే టర్బో మాడిపోద్ది."

ఆ రోజే బేరం వచ్చింది. ఒక పెద్దావిడ, ఆవిడ భర్త. ఆయన్ని వెనక పడుకోబెట్టారు. ఆవిడ డ్రైవరు పక్కన కూర్చుంది. పిల్లలు రెండు కార్లలో వెనక వస్తామన్నారు.

"మీ వంతు ఎన్నింటికమ్మా?"

"పన్నెండుకట బాబూ."

"కంగారు పడకండి. మీకు ఆలస్యం కానివ్వను."

అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఈల వేసుకుంటూ కొండెక్కాడు. రెండో మలుపు దాటాక అద్దంలో చూస్తే కార్లు చుక్కల్లా కనిపించాయి. మూడో మలుపు దాటాక అవీ లేవు. ఇరవై ఏళ్ల సర్వీసులో అతను ఎవరినైనా దాటి రావడం ఇదే మొదలు.

పైన పదకొండు గంటల వంతువాళ్లు ఇంకా లోపలికే వెళ్లలేదు. బావమరిది చెప్పినట్టే ఒక నిమిషం ఇంజను తిరగనిచ్చి ఆపాడు. సెకండ్ గేరు అనే పేరు ఇవాళ్టితో చెల్లిపోయినట్టే. కాలరు సర్దుకుని, మెప్పుకోసం పెద్దావిడ వైపు చూశాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని, వెనక్కి తిరిగి భర్త వైపు చాలాసేపు చూసింది.

"నలభై ఆరేళ్లలో ఒక్క పెళ్లికి కూడా నన్ను టైముకి తీసుకెళ్లని మనిషిని," అంది, "కాటికి మాత్రం గంట ముందే తెచ్చేశావేం బాబూ."