మూడో పలక

"నీలమా, ఆకుపచ్చా?" రెండు రంగు డబ్బాలూ ముసలాయన ముందు పెట్టి అడిగాడు అల్లుడు.

"సరే," అన్నాడు ముసలాయన.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నోట మిగిలింది ఆ ఒక్క మాటే. పక్షవాతం కుడి చేతినీ, కుడి కాలినీ, తక్కిన మాటలన్నిటినీ తీసుకుపోయింది. ఆకలేసినా సరే. కోపమొచ్చినా సరే.

"పెళ్ళయిన పన్నెండేళ్ళలో మీ అమ్మాయి ముందు నాకూ అంతకంటే ఎక్కువ మాటలు రాలేదులెండి మావయ్యా," అన్నాడు అల్లుడు. నీలం డబ్బా మూత తీశాడు.

అల్లుడు మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. మావయ్య సగంలో వదిలేసిన పడవను పూర్తి చేయడానికి పదిహేను రోజులు సెలవు పెట్టి మరీ వచ్చాడు.

ముసలాయన నలభై ఏళ్ళు తలుపులూ కిటికీలూ చేసిన వడ్రంగి. పడవ మాత్రం ఇదొక్కటే. భార్య పోయాక పెరటి షెడ్డులో మొదలుపెట్టాడు. చేపలు పడతానన్నాడు. ఈత రాని మనిషికి పడవేమిటని వీధంతా నవ్వింది. కూతురు నవ్వలేదు. నాన్నకు మనసు మళ్ళే పని దొరికిందని సంతోషించింది. ఆయన పడిపోయేనాటికి చెక్కపని అయిపోయింది. సందుల్లో లప్పం సగం, రంగు మొత్తం మిగిలాయి. మిగతా లప్పం అల్లుడే పెట్టాడు, యూట్యూబులో చూసి.

ఇప్పుడు పడవ రెండు బల్లల మీద బోర్లా ఉంది. చక్రాల కుర్చీలో కూర్చున్న ఆయన కళ్ళకు సరిగ్గా ఎదురుగా అడుగు నుంచి మూడో పలక. దాని మధ్యలో బొటనవేలి గోరంత చోటు. చుట్టూ లప్పం ఎండి తెల్లబడింది. అక్కడ మాత్రం కాస్త పసుపు.

అక్కడున్నది లప్పం కాదు, సబ్బు. సబ్బు వెనక చిల్లు.

బోర్లించకముందు అల్లుడు రెండు బకెట్ల నీళ్ళు పోసి చూశాడు. బొట్టు కారలేదు. కారదు మరి. సబ్బు గంటసేపు ఆగుతుంది. గంటకు పడవ ఒడ్డు కనిపించనంత దూరం పోతుంది.

ఆదివారం సముద్రంలో దించాలనుకున్నారు. అల్లుడికి ఈత వచ్చు. కూతురికి రాదు. అయినా తనూ వెళ్తానంది. నాన్న చేసిన పడవలో తను ఎక్కకపోతే ఇంకెవరు ఎక్కుతారంది.

ఆయన తలలో వాక్యం చక్కగా, పూర్తిగా ఉంది. మూడో పలకకు చిల్లుంది. నాలుగే నాలుగు ముక్కలు కూడా లేవు. దాన్ని జాగ్రత్తగా నాలుక దాకా మోసుకొస్తాడు. గుమ్మం దగ్గర ఎవరో లాక్కుని, చేతిలో వేరేది పెట్టి పంపిస్తారు.

"సరే."

కళ్ళార్పకుండా ఆ చోటే చూశాడు. వెలుతురు కళ్ళలో పడుతోందనుకుని కూతురు కుర్చీ తిప్పింది. ఎడమ వేలు చాపాడు. మంచినీళ్ళు తాగించింది. పలకా బలపం తెచ్చి ఇస్తే ఎడమ చేత్తో రాయబోయాడు. చీమ సిరాలో పడి నడిచినట్టు వచ్చింది. కూతురు ఎంత తిప్పినా అది అక్షరం కాలేదు. చివరికి తల అడ్డంగా ఊపుతూ, సరే సరే అని అరిచాడు. డాక్టరు ఆవేశపడనివ్వొద్దన్నాడని నిద్రమాత్ర వేసింది.

లేచేసరికి మొదటి పూత అయిపోయింది. పసుపు చుక్క నీలం కింద మునిగిపోయింది.

శనివారం రెండో పూత. ఒక్క చెయ్యి నాన్నతో కూడా వేయిద్దామంది కూతురు. కుర్చీని పడవకు ఆనించి, ఎడమ చేతికి బ్రష్షు ఇచ్చింది. ఆయన బ్రష్షు వదిలేశాడు. తడి రంగులో తడుముకుంటూ ఆ చోటు పట్టుకున్నాడు. గోటితో గీకాడు. గోరు దిగింది. ఇంకో రెండు గీతలు గీకితే చిల్లు బయటపడేది. చెయ్యి జారిపోయింది. పలక మీద అరచెయ్యి మొత్తం పడింది.

ఇద్దరూ వంగి ఆ గుర్తు చూశారు.

"మావయ్య సంతకం పెట్టేశారు," అన్నాడు అల్లుడు. గోరు గీసిన చోట కాస్త రంగు అద్దాడు. అరచేతి గుర్తును మాత్రం ముట్టుకోలేదు.

కూతురు టర్పెంటైన్ గుడ్డతో ఆయన వేళ్ళు తుడిచింది. గోటిలో ఇరుక్కున్న పసుపు మెత్తటి ముక్క కూడా నీలంతో పాటు గుడ్డకు అంటుకుపోయింది. ఆమె దాన్ని చూడలేదు. ఆమె ఆయన ముఖం చూస్తోంది.

"ఏడవకండి నాన్నా. మీకు నయమయ్యాక మిమ్మల్నీ తీసుకెళ్తాం."

ఆదివారం ఉదయం సముద్రం నేలలా ఉంది. కుర్చీ ఇసుకలో దిగబడకుండా కింద చెక్క వేశారు. పక్కింటావిడ వెనక నిలబడి పట్టుకుంది. నలుగురు సాయం పట్టి పడవను తోశారు. వంకర లేకుండా, ఒక పక్కకు ఒరగకుండా తేలింది. తలుపులు చేసుకునే మనిషి చేశాడంటే ఎవరూ నమ్మరని ఒకాయన అన్నాడు.

కూతురు మోకాలిలోతు నీళ్ళలోంచి వెనక్కి వచ్చింది. వంగి ఆయన చొక్కా కాలరు సర్దింది.

"వెళ్ళిరానా నాన్నా?"

ఆయన ఉన్న బలమంతా కూడదీసుకున్నాడు. మెడ నరాలు పొంగాయి. పెదవులు ఒక పక్కకు లాగాయి. వాక్యం వచ్చేస్తోంది.

"సరే."

ఆమె నవ్వి, పరుగున వెళ్ళి ఎక్కింది.

తెడ్లు పడుతూ లేస్తూ ఉన్నాయి. పడవ చెయ్యంత అయింది, వేలంత అయింది. ఎంత ముచ్చటగా పోతోందో చూడండన్నయ్యా అంటోంది పక్కింటావిడ.

భార్య పోయిన మూడో నెలలో, తానొక్కడే వెళ్ళి ఇక తిరిగి రాకూడదని, మూడో పలకకు ఆ చిల్లు పెట్టి సబ్బు కూరింది ఆయనే.