సున్నం చల్లిన ఉడుత

"అమ్మా, ఈ ఉడుత మీదేనా?"

గోడ అవతల నిలబడి ఆ మనిషి అడగ్గానే అక్కయమ్మకు అనుమానం వచ్చింది.

దారిన పోయేవాడికి ఉడుతతో ఏం పని?

"మాదే. ఇంగెవురిది?" అంది గట్టిగా.

నిజానికి ఆ ఎగిరే ఉడుత నాలుగు నెలల కిందట ఓ సాయంత్రం ఎక్కడినుంచో వచ్చి, పట్టుపురుగుల ఇంటి కిటికీలో వాలింది. అక్కయమ్మ సపోటా ముక్క చూపించింది. తినేసి అక్కడే ఉండిపోయింది. పగలంతా ఆమె ఒళ్ళోనో, అరుగు మీది బోనులోనో నిద్ర. పొద్దు గూకితే ఆమె భుజం మీది నుంచి దూలానికీ, దూలం మీది నుంచి భుజానికీ ఎగరడం. ఇంట్లో మిగతా అందరినీ కరిచేది. ఆ సంగతి అక్కయమ్మ వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేది.

ఆ మనిషికి యాభై ఏళ్ళుంటాయి. ఖాకీ ప్యాంటు, చేతులకు గ్రీజు మరకలు.

"వీపున బొచ్చు పోతాండాదే అమ్మా?"

"జ్వరానికి కూర్చుండాది. పొర విడిస్తే లేస్తాది."

"ఉడుతకు పొరేందమ్మా?"

పట్టుపురుగులు మేపేవాడైతే ఆ మాట అడగడు. పురుగు పొర విడిచేముందు మేత మాని కదలకుండా ఉంటుంది. చింతామణి చుట్టుపక్కల దాన్ని జ్వరం అంటారు. అప్పుడు తట్టలో తేమ లేకుండా సున్నం పొడి చల్లుతారు. ముప్పై ఏళ్ళుగా అక్కయమ్మ చేస్తున్న పని అదే. ఉడుతకు మెడ దగ్గర కాస్త బొచ్చు ఊడగానే దానికీ అదే వైద్యం మొదలుపెట్టింది. రోజూ పొద్దున గుప్పెడు సున్నం.

చల్లేకొద్దీ ఊడుతోంది. చల్లింది చాలలేదేమో అనుకుంది.

"సున్నం చల్లొద్దమ్మా. చర్మం కాలిపోతాది."

"నువ్వు పురుగులు మేపినావా?"

"లేదమ్మా."

"మల్ల నీ దోవన నువ్వు పోప్పా."

వెళ్ళాడు. మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఒకటే ఆరా.

"తినేకి ఏం పెడతాండారమ్మా? బోను యాడ పెడతారు? రాత్రిపూట బయటికి వదల్తారా?"

ఉడుతను ఎత్తుకుపోతాడేమోనని అక్కయమ్మ భయపడింది. కొడుకు అమరనాథ్‌కు చెప్పింది.

"ఫారెస్టోడేమో మా. లేకుంటే బెంగళూరులో అమ్ముకునేటోడు. లోపలికి మాత్రం రానీయొద్దు" అన్నాడతను.

ఆ రాత్రి నుంచి బోను ఆమె మంచం పక్కకు చేరింది.

నాలుగో రోజు ఆమె తోటలో మల్బరీ ఆకు కోసుకుని ఇంటికొచ్చేసరికి ఆ మనిషి అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. బోను తలుపు తీసి ఉంది. ఉడుత అతని అరచేతిలో ఉంది. తడిగుడ్డతో దాని వీపు తుడుస్తున్నాడు.

"ఓరి దొంగోడా! అమరనాథా, రారా!"

అమరనాథ్ పరుగున వచ్చి అతని కాలర్ పట్టుకున్నాడు. అందరినీ కరిచే ఉడుత అతని చేతిలో కళ్ళు మూసుకుని పడుకుంది. అది చూసి అమరనాథ్‌కు ఒళ్ళు మండిపోయింది.

"ఏమో మత్తు పెట్టినాడు మా! లేకుంటే కరిసేది గాదా?"

"సున్నం తుడస్తాండానప్పా. అంతే."

అతను ఉడుతను జాగ్రత్తగా అక్కయమ్మ చేతుల్లో పెట్టాడు. జేబులోంచి చిన్న సీసా తీశాడు.

"రోజూ రెండు పూటలా పూయండమ్మా."

అమరనాథ్ ఆ సీసా లాక్కుని కాలవ గట్టు రాయికేసి విసిరాడు. అది భళ్ళున పగిలింది. మెడ పట్టుకుని అతన్ని వీధిలోకి నెట్టాడు.

"నీళ్ళతో అన్నా కడగండమ్మా" అని వెళ్ళిపోయాడు ఆ మనిషి.

మళ్ళీ రాలేదు.

"చూస్తివా, దొరికిపోయినాడు గదా, ఇంగ రాడు" అంది అక్కయమ్మ. నిశ్చింతగా ఇంకో గుప్పెడు సున్నం చల్లింది.

వారం తిరిగేసరికి ఉడుత సపోటా ముట్టడం మానేసింది. ఎగరడం లేదు. కళ్ళు తెరవడం లేదు. అక్కయమ్మ బుట్టలో పెట్టుకుని, దారి పొడవునా దాన్ని నిమురుతూ, బస్సులో చింతామణి పశువుల ఆస్పత్రికి పరుగెత్తింది.

డాక్టర్ రూప చూసీ చూడగానే అడిగింది.

"సున్నం చల్లినారా?"

అక్కయమ్మ తల ఊపింది.

డాక్టరమ్మ ఉడుతను గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మందు పూసి, సూది వేసింది.

"మొదట ఉండింది ఉత్త తామర. సున్నంతో పుండైపోయింది. బతుకుతాదిలే. ఇంగ రెండు దినాలు ఆలస్యమైంటే దక్కేది కాదు."

అక్కయమ్మ అక్కడే బల్ల మీద కూలబడి ఏడ్చింది.

"ఈ ఉడుతకనే మునికృష్ణప్ప చేతికి మందు సీసా ఇచ్చింటినే, పూయలేదా?" అంది డాక్టరమ్మ.

"ఆయప్పెవురమ్మా?"

"బస్సు డిపోలో మెకానిక్కు. ఖాకీ ప్యాంటు వేసుకోనుంటాడు. 'సున్నం చల్లతాండారు, చెప్తే నమ్మరు, నువ్వన్నా ఏమన్నా మందియ్యమ్మా' అని మూడుసార్లు వచ్చినాడు."

పగిలిన సీసా అక్కయమ్మ కళ్ళ ముందు మెదిలింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"ఆయప్ప ఇల్లు యాడమ్మా? పోయి కాళ్ళు పట్టుకుంటా."

"యాడికని పోతావు? రాయచూరుకు ట్రాన్స్‌ఫర్ అయింది. మొన్ననే పోయినాడు."

అక్కయమ్మ బుట్టలోకి చూసింది. ఉడుత మెల్లగా కళ్ళు తెరిచింది.

"మా ఉడుత మింద ఆయప్పకెందుకమ్మా అంత ఇది?"

డాక్టరమ్మ ఆశ్చర్యంగా చూసింది.

"నీకు చెప్పనే లేదా? కండ్లు తెరవని పిల్లప్పట్నుంచి దూదితో పాలు తాగించి దీన్ని పెంచింది ఆయప్పే. గాలివానకు తప్పించుకునిపోతే నాలుగు నెలలు ఊరూరూ వెతికి, తీరా దొరికినాక, 'ఆయమ్మ దీన్ని ఇడిసి ఉండలేదు, నేనెట్ల అడిగేదమ్మా' అని ఉత్తచేతుల్తో పోయినాడు."