అవ్వ మూర

గోడ మీద ఇరవై తొమ్మిది పచ్చదీపాలు వెలిగాయి. ముప్ఫయ్యోది లిఖితది, ఇంకా వెలగలేదు. ముప్ఫై ఊళ్ల పిల్లలకు కలిపి, ఎవరింటి గోడ మీద వాళ్లకు కనబడే ఒకే తరగతి; ఒక్కరి జవాబు కలవకపోయినా పాఠం ముందుకు కదలదు.

నాలుగున్నర మీటర్ల పూలదండ ఎన్ని మూరలని లెక్క. పుస్తకంలోని మూరతో మిగతా అందరికీ పది వచ్చింది. లిఖితకు పదకొండు.

పక్కన మల్లెలు కడుతున్న అవ్వ ఓబులమ్మ గొణిగింది. “పదని చెప్పేయ్ పాపా. నీ కోసరం అందరూ కాసుకోనుండారు.”

“నీ చెయ్యి పొట్టిది కదవ్వా. నువ్వు కొలిస్తే పదకొండే వస్తాది,” అంది లిఖిత.

ఎక్కడో కొండ మీది ఊరి నుంచి పాఠం చెబుతున్న సుగుణ మేడమ్ ఆ మాట విన్నది. తప్పని అనలేదు. “అవ్వా, మీ చెయ్యి ఒకసారి గోడకు ఆనిస్తారా?” అని అడిగింది.

బడి మొహం చూడని ఓబులమ్మ తడిచేతిని చీరకు తుడుచుకుని, మోచేతి నుంచి వేలికొస దాకా గోడకు ఆనించింది. ముప్ఫై ఇళ్ల గోడల మీదా ఆ చెయ్యి ఉన్నంత పొడవునా కనబడింది. పిల్లలు దాని మీద దారాలు పెట్టి, అంతకు తెంపుకుని, నాలుగున్నర మీటర్లను వాటితో మళ్లీ కొలిచారు.

మేడమ్ దీపాలన్నీ ఆర్పి మళ్లీ అడిగింది. ఈసారి ముప్ఫై దీపాలూ పదకొండుకే వెలిగాయి.

“అంత పొట్టిదేం కాదులే నా చెయ్యి,” అంది అవ్వ, మళ్లీ పూలు అందుకుంటూ.